పత్తిగింజల మూట

పోయిన వారం హులిగమ్మ మాట దగ్గర ఆపాను. ఆ మాట గుర్తున్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి, కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి.

నా పేరు మహేశ్వరి. ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే కొట్టు నాది. మా అమ్మ దేవక్క ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పని చేస్తుంది, పొదుపు సంఘానికి లీడరు కూడా. పత్తి పనుల్లో ఆడవాళ్ల కష్టాలేమిటో చెప్పమని ఢిల్లీలో ఏదో సభకు ఆదోని నుంచి ఆరుగురిని విమానంలో పిలిపిస్తే, అందులో అమ్మ ఒకతి. వెళ్లొచ్చి పది రోజులైంది. ఫోనులో ఎట్లుండె అని అడిగితే, "మబ్బులు కింద కనపడె" అంది, అంతే. ఇంకేం చెప్పలేదు. విమానం ఎక్కిన మనిషి ఇంత తక్కువ మాట్లాడుతుందా అని నేనే నవ్వుకున్నాను.

మా కొట్టుకు ఎప్పుడూ వచ్చే హులిగమ్మ తన జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చింది. హుక్కులు సరిగ్గా ఉన్నాయా లేదా చూసుకుంటూ, ఏదో ధరల గురించి అన్నట్టు అనేసింది.

"మీయమ్మకు ఒక పక్క రొమ్మే ల్యాదంట గదమ్మే. ఎయిర్‌పోర్టులో మిషను పట్టిచ్చిందంట. ఆదోనిలో అందరూ అనుకుంటాండారు. నీకు తెలీదా?"

నాకు తెలీదు. కన్నకూతురిని, నాకు తెలీదు.

కానీ హులిగమ్మ ముందు తల దించుకునే రకం కాదు నేను. "తెలీకపోతే ఎట్లక్కా? నాకెప్పుడో తెలుసు" అని, జాకెట్టు మడిచి ఆమె చేతిలో పెట్టి పంపించాను. ఆమె సందు మలుపు తిరిగిందాకా నిలబడ్డాను. ఆ తరవాత స్టూలు మీద కూలబడ్డాను.

లేచి షట్టరు దించబోతే ఎడమ చంకలో సలిపింది. మూడు నెలలుగా అక్కడ గింజంత గట్టిగా ఏదో ఉంది, పొద్దస్తమానం మిషను మీద వంగేదానికి ఇట్లాంటివి మామూలేలే అనుకుంటూ ఉన్నాను. కుడి చేత్తో షట్టరు లాగి తాళం వేశాను. మా ఆయన వీరేష్‌కు ఫోను చేసి, పాపను అంగన్‌వాడీ నుంచి తెచ్చుకో, నేను ఆదోని పోతున్నా అని చెప్పాను. ఎందుకని అడిగాడు. వచ్చి చెప్తానన్నాను.

షట్టరు వేసే ముందే కొట్లో గోడ మేకుకున్న అమ్మ ఆది జాకెట్టు తీసి సంచిలో వేసుకున్నాను. కొలతలకని ఇచ్చే పాత జాకెట్టును మా పనిలో ఆది జాకెట్టు అంటాం. మనిషి రాకపోయినా ఫరవాలేదు, ఆది ఉంటే చాలు, ఒంటి కొలతలన్నీ దాంట్లోనే ఉంటాయి. ఆకుపచ్చ రంగుది, నేను కుట్టు నేర్చుకున్న మొదటి ఏడు అమ్మకు కుట్టింది. నాలుగేళ్లుగా అది ఆ మేకుకే వేలాడుతూ ఉంది. ఎందుకంటే నాలుగేళ్లుగా అమ్మ నా దగ్గర ఒక్క జాకెట్టు కూడా కుట్టించుకోలేదు.

ఆ సంగతికి నేను పడ్డ ఏడుపు అంతా ఇంతా కాదు. ఎమ్మిగనూరులో పెళ్లి జాకెట్లన్నీ నా దగ్గరికే వస్తాయి. పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. మా అమ్మ మాత్రం ఆదోనిలో, కళ్లద్దాలకు దారం కట్టుకుని కుట్టే హుసేనమ్మ దగ్గర కుట్టించుకుంటుంది. అడిగితే, "నీ కుట్టు బిగువమ్మే, నాకు ఊపిరాడదు" అంది. నా ఒళ్లు మండిపోయింది. పండక్కి నేను పెట్టిన గుడ్డను కూడా తీసుకుపోయి ఆ హుసేనమ్మకే ఇచ్చింది. ఆర్నెల్లు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. హుసేనమ్మ ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను.

బస్సు కిటికీ పక్కన కూర్చుని అవన్నీ ఒకటొకటే తవ్వుకున్నాను. నాకు ఏడో నెల అప్పుడు అమ్మ కర్నూలు పెద్దాసుపత్రిలో చేరింది. గర్భసంచి తీసేస్తున్నారని చెప్పింది. మిల్లులో పనిచేసే ఆడవాళ్లలో సగం మందికి ఆ ఆపరేషనే, నాకేం అనుమానం రాలేదు. నిండు చూలాలివి నువ్వు రావద్దంది, హుసేనమ్మ తోడు పోయింది. తరవాత రెండు నెలలకు గుండు చేయించుకుని వచ్చింది. నీ కాన్పు బాగా జరగాలని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నా, తలనీలాలు ఇచ్చినా అంది. బాలింతగా మంచం మీద పడుకుని, నా కోసం అమ్మ గుండు కొట్టించుకుందని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఎంత తెలివితక్కువదాన్ని! క్యాన్సర్ మందులకు జుట్టు పోయిందని ఇప్పుడు అర్థమై, బస్సులో అందరి ముందూ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆదోనిలో దిగి ఆటో ఎక్కాను. మిల్లుల సందులో ఎప్పటిలాగే దూది పోగులు గాల్లో ఎగురుతున్నాయి. మూడు గంటలప్పుడు, పత్తి సీజన్లో, అమ్మ మిల్లులో ఉండాలి, వచ్చిందాకా గడపలో కూర్చుందామనుకున్నాను. ఇంట్లో ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని పోతే చేటలో కందిబేడలు ఏరుతూ కూర్చుంది. ఇంట్లో ఒక్కతే ఉండి కూడా పైట మెడ దాకా, రెండు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఏమ్మే, సెప్పకుండా వస్తివి? పాప యాడ?"

దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్టు తీసి అమ్మ ఒళ్లో విసిరికొట్టాను.

"ఇది నీకు బిగువా? నా కుట్టు నీకు బిగువా అమ్మా?"

అమ్మ జాకెట్టు చూసింది. నన్ను చూసింది. చేట పక్కకు జరిపింది.

"ఎవరు సెప్పినారు?"

"ఊరంతా సెప్తాంది! మా కొట్టుకాడికి వచ్చే హులిగమ్మకు తెల్సు. ఎవరెవరికో తెల్సు. నేనేం పాపం చేసినానని నాకు సెప్పలే? నేను ఊర్లో అందరి ఆడోళ్ల కొలతలు తీస్తాను. ఎవరికి ఎక్కువో ఎవరికి తక్కువో అంతా నాకు సెప్పుకుంటారు. నువ్వు మాత్రం నా కాడ దాస్తావా? నేను నీ కడుపున పుట్టలే?"

"మెల్లగా మాట్లాడు. మారెమ్మ ఇంట్లోనే ఉంది."

మారెమ్మది పక్క ఇల్లు. ఆమె కూడా ఆ ఆరుగురిలో ఒకతి. ఊరికి చెప్పింది ఆమేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "ఆమెకు సిగ్గు లేదూ" అని కిటికీ వైపు చూసి అరిచాను. వినాలనే అరిచాను.

"ఆమెను అనకు," అంది అమ్మ. "ఆమె నాకు మేలు సేసినా అనుకుంటాంది. కూచో. సెప్తా."

కూర్చున్నాను. అమ్మ చెప్పింది. ఏడవకుండా, మిల్లులో ఎవరికో చెయ్యి తెగితే ఎట్లా తెగిందో చెప్పినట్టు చెప్పింది.

"ఆడ ఒక అద్దాల గూడు ఉంటాది. లోపల పాదాలు గీసింటారు, వాటి మింద నిలబడాల. చేతులు పైకెత్తాల. అరుణమ్మ మాకందరికీ ముందే నేర్పిచ్చింది." అరుణ అంటే సంఘాల ఆఫీసులో పనిచేసే అమ్మాయి, వీళ్లను ఢిల్లీకి తీసుకుపోయింది ఆమే. "సెల్లు తీసి పెట్టినా. మొలకు కట్టుకున్న తాళంచెవి తీసి పెట్టినా. ఇంగ నాకేం భయం అనుకున్యా. దీని సంగతి గుర్తే రాలే మయేశ్వరీ. నాలుగేండ్ల నుంచి ఒంట్లో కలిసిపోయె గదా."

"ఏది?"

"జాకెట్లో పెట్టుకునే మూట. హుసేనమ్మ కుట్టిచ్చింది. మొదట ఒట్టి దూది పెట్టి కుట్టింది. నడిస్తే తేలిపోతాండె, వంగితే గొంతు కాడికి వస్తాండె. అప్పుడు నేనే మిల్లులో నుంచి పిడికెడు గింజలు తెచ్చి లోపల పోసి కుట్టమన్యా. బరువు సరిపోయింది. రెండో దానికి సమంగా నిల్చింది. ఎవరూ కనిపెట్టలే. నువ్వే కనిపెట్టలే."

చివరి మాట నన్ను పొడవడానికి అనలేదు. కానీ పొడిచింది. కళ్లతో చూసి కొలత చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని నేను.

"ఆ గూటిలోనించి బయటికొస్తే పక్కన టీవీ మాదిరి ఉంది. దాంట్లో మనిషి బొమ్మ. మొగం ల్యా, గుడ్డల్యా. మారెమ్మ పోయినప్పుడు ఏం రాలే. నేను నిలబడితే ఈడ," అమ్మ చెయ్యి పైట మీద ఆగింది, "ఈడ డబ్బా మాదిరి గీత పడింది. ఎనక లైన్లో ఉండేటోళ్లందరికీ కనపడ్తాంది. మొగోళ్లు ఉన్యారు. అంతా ఆ డబ్బానే చూస్తాండారు, మల్ల నన్ను చూస్తాండారు."

"అందరికీ కనపడేటట్ల పెడతారా దాన్ని?"

"నాకేం తెల్సు? నేను ఎన్ని ఎయిర్‌పోర్టులు చూసినా? లేడీ పోలీసు చెయ్యి పెట్టి చూసింది. 'యే క్యా హై', ఇదేంది అనింది. పర్దా కట్టిన చిన్న గదిలోకి పిల్చుకపోయింది. తియ్యమనింది. తీసిచ్చినా. నొక్కి చూస్తే లోపల గింజలు గరగరమన్యాయి. ఆ పోలీసు పాప మొగం మారిపోయింది. కపాస్ బీజ్ అమ్మా, కపాస్ బీజ్ అని నాకొచ్చిన మాటల్లో సెప్పినా. రొమ్ములో పత్తి గింజలు ఎందుకుంటాయని ఆ పాపకు ఎట్ల తెలుస్తాది? ఆ పాప ఏ ఊరిదో."

"నువ్వు ఆమెను వెనకేసుకు రావద్దు!"

"వెనకేసుకు రాలే. సెప్తాండా. దాన్ని మిషన్లో వేసి చూడాలనింది. నన్ను పర్దా లోపలే కూచోమనింది. అది మాత్రం బయటికి పోయింది. ప్లాస్టిక్ తట్టలో, ఎవరివో బెల్టులు, ఎవరివో సెల్లులు, వాటెంబడి అది. పర్దా సందులోనించి చూస్తాండా. ఆ పక్క నిలబడిన పోలీసాయప్ప దాన్ని చేత్తో పైకెత్తి 'కిస్కా హై యే, కిస్కా హై', ఎవరిదిది అని అరుస్తాండాడు. నాదీ అని ఎట్ల సెప్పేది? నోరు రాలే. అప్పుడు మారెమ్మ, పాపం, నా సొమ్ము ఏదో పోతాందనుకుని, 'అది మా దేవక్కది సార్, మా దేవక్కది' అని ముందుకు ఉరికొచ్చింది."

పక్క ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఒక అంచు కత్తెరతో కోసినారు. గింజలు కిందపడినాయి. నున్నని నేల, దొర్లుకుంటా పోయినాయి. నేను లేసొచ్చి ఏరుకున్యా."

"ఏరుకున్నావా?"

"మిల్లులో కిందపడితే ఏరమా? చెయ్యి ఊరుకోలే. మోకాళ్ల మింద కూచోని ఏరతాంటే ఎవరో సెల్లులో పోటో తీస్తాండారని అరుణమ్మ పోట్లాడింది. అదీ జరిగింది. దాని తర్వాత మబ్బులు కనపడినాయి. అది నీకు సెప్పినా గదా."

"ఏ పక్క అంచు కోసినారు?" అని అడిగాను. ఆ సమయంలో అడగాల్సిన మాటేనా అది? దర్జీదాని బుర్రకు అదే తట్టింది. అమ్మ మాత్రం తప్పు పట్టలేదు. "కింద అంచు" అంది. అప్పుడు నేను అమ్మ ఒళ్లో తల పెట్టుకుని బోరుమన్నాను. అమ్మ నా వీపు నిమిరింది. ఏడవాల్సింది అమ్మ, ఓదార్చాల్సింది నేను. మా ఇంట్లో ఏదీ సరిగ్గా జరగదు.

కళ్లు తుడుచుకుని లేచేసరికి గూట్లో గడియారం కింద మడిచిన కాగితం కనిపించింది. తీసి చదివాను. ఎయిర్‌పోర్టు వాళ్ల మీద ఫిర్యాదు. అరుణ తెలుగులో చక్కగా రాసింది. కింద అమ్మ పేరు, సంతకానికి ఖాళీ.

"అరుణమ్మ రెండు తూర్లు వచ్చిపోయింది," అంది అమ్మ. "ఆడ కెమెరాల్లో బొమ్మలు చానా రోజులు ఉంచరంట. రేపటికల్లా పంపకపోతే ఇంగ సాక్ష్యమే ఉండదంట."

"మరి సంతకం పెట్టలే?"

"ఏమని రాసిందో పైకి సదువు."

చదవబోయాను. 'నా ఎడమ రొమ్ము తొలగించినందున' అన్న చోట ఆగి కాగితం మడిచేశాను.

"సదవలేకపోతివి గదా," అంది అమ్మ. "కన్నకూతురివి, నాలుగ్గోడల మధ్య సదవలేకపోతివి. ఈ కాగితం ఎంత మంది సదువుతారు? ఏ ఆపీసులో ఏ మొగోడి చేతిలో ఉంటాది? ఆడ ముప్పై మంది చూసిండొచ్చు. వాళ్లు ఎవరో, నేనెవరో. మర్చిపోతారు. దీంట్లో నా పేరుంది, ఊరుంది, ఇంటి పేరుంది. దాచుకునేది బయటేసినారని సెప్పడానికి మల్ల నేనే బయటేసుకోవాల్నా?"

జవాబు లేనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. "అయితే ఊరుకో! రేపు ఇంకో ఆడమనిషిని ఇట్లనే కూచోబెట్టి గింజలు ఏరిపిస్తారు, ఊరుకో! సంఘంలో నిలబడి అందరికీ నోరు తెరవండి, తెరవండి అని సెప్పే దేవక్కవి నువ్వేనా?"

అమ్మ చేట దగ్గరికి లాక్కుని మళ్లీ కందిబేడలు ఏరింది. నా నోటికి హద్దు లేదు, ఆ సంగతి నాకు తెలుసు, కానీ అనేశాక వెనక్కి తీసుకోవడం నాకు రాదు.

"వాళ్లు కోసినాక అది మల్ల కుట్టలే," అంది చివరికి. గొంతు చిన్నదైంది. "హుసేనమ్మకు కండ్లు ఆనడం ల్యా. పది దినాల నుంచి మిల్లుకు పోలే. సంఘానికి పోలే. పైట ఇట్ల కప్పుకోని కూచున్యా." ఆగింది. "నువ్వు కుడతావా?"

నాలుగేళ్లు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఇట్లా వస్తుందనుకోలేదు.

సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. తీశాను. అమ్మ గోడ వైపు తిరిగి పైట దించింది, జాకెట్టు హుక్కులు విప్పింది, కాసేపు అట్లాగే నిలబడి, నా వైపు తిరిగింది.

ఎడమ పక్క చదునుగా ఉంది. చంక కింద నుంచి మధ్య దాకా అడ్డంగా ఒక గీత, అక్కడక్కడా ముడత పడి, సరిగ్గా లాగని కుట్టులాగా. నేను కళ్లు తిప్పుకోలేదు. తిప్పుకుంటే అమ్మ మళ్లీ ఎప్పటికీ నా ముందు నిలబడదని తెలుసు. "నొస్తాదా?" అన్నాను. "మబ్బు పడితే లాగుతాది" అంది. కొలతలు ఒకటొకటే తీసి అరుణ కాగితం వెనకే పెన్సిలుతో రాసుకున్నాను. ఆకుపచ్చ ఆది జాకెట్టు చాప మీద పడి ఉంది. అది ఇంక దేనికీ పనికిరాదు.

వీపు చుట్టూ టేపు తిప్పడానికి రెండు చేతులూ చాపినప్పుడు ఎడమ చంకలో మళ్లీ సలిపింది. పెదవి కొరుక్కున్నాను. అమ్మ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది.

అమ్మ జాకెట్టు వేసుకుంది. కాగితం తీసుకుంది, పెన్ను అడిగి తీసుకుని మూత తీసింది.

"పెడతా. నువ్వన్నది నిజమే, ఇంకోదానికి ఇట్ల కాకూడదు. కానీ నాది ఒక మాట ఉంది. అది వింటేనే పెడతా."

"సెప్పు."

"ఆపరేషన్ సేసిన డాక్టరమ్మ నన్ను పంపేటప్పుడు ఒకటి సెప్పింది. మీ అమ్మకు ఇట్లనే అయిందంటివి, నీకూ అయింది, నీ కూతుర్ని తప్పకుండా పిల్చుకోని రా, పరీచ్చ సేయాలనింది. నువ్వప్పుడు నిండు చూలాలివి. కాన్పు కానీలే అనుకున్యా. కాన్పయినాక బిడ్డ పాలు తాగతాంది, ఇప్పుడెందుకు బెదిరిచ్చేది అనుకున్యా. ఆపైన... నీకు సెప్పాలంటే నాది సెప్పాల గదా. నోరు రాలే. నాలుగేండ్లు పోయినాయి మయేశ్వరీ. నేను దాచింది నా రొమ్ము సంగతి కాదు. ఇది. రోజూ ఇదే నన్ను తింటాంది. నాతో కర్నూలుకు వస్తానను. ఇప్పుడే సంతకం పెడతా."

అమ్మ వాళ్లమ్మ, మా అవ్వ, ఎట్లా పోయిందో నాకు ఎవరూ చెప్పలేదు. జ్వరమనే అనుకున్నాను.

"నీకేం ల్యా గదా?" అంది అమ్మ.

"నాకేం ల్యా అమ్మా," అన్నాను. అడిగీ అడగకముందే అన్నాను. ఆ నాలుగేళ్లూ ఫోనులో అమ్మ చెప్పింది కూడా అదే మాట, అదే తొందరతో. దాచినందుకు తిట్టడానికి ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చినదాన్ని, నోరు తెరవగానే దాచేశాను.

అమ్మ పెన్ను మూత పెట్టింది.

"టేపు తిప్పేటప్పుడు ఏంటికి మొగం అట్ల పెట్టుకున్యావు?"

"ఎట్ల పెట్టుకున్యా? ఏం ల్యా."

"చెయ్యెత్తు. ఎడం చెయ్యి."

నేను ఎత్తలేదు. మోచేతిని పక్కటెముకలకు గట్టిగా అదుముకుని నిలబడ్డాను. పాపకు నాలుగేళ్లు కూడా నిండలేదని, రేపు ఎవరిదో పెళ్లి జాకెట్టు ఇవ్వాలని, ఏవేవో తలలో తిరిగాయి.

అమ్మ నన్ను గద్దించలేదు. లేచి పోయి మారెమ్మ ఇంటి వైపున్న కిటికీ మూసింది. వీధి తలుపు మూసి గడియ పెట్టింది. తన భుజాల మీదున్న పైట తీసి నా చుట్టూ కప్పి, నా ఎదురుగా నిలబడింది.

"ఈడ ఎవరూ ల్యారు తల్లీ. నేనే ఉండా. ఇప్పుడెత్తు."